కన్సోలా, కంప్యూటరా? – అయిదేండ్ల జమాఖర్చు

పదవ తరగతి, పి.యు.సి. పరీక్షలు ముగిసిన ప్రతి వేసవిలోను మన సంఘ సభ్యుల ఇండ్లలో ఒక వాదము తల ఎత్తుతున్నది. కొడుకు ప్లేస్టేషను కావలెనంటాడు. కూతురు, కాదు, ఆటలకు కూడా పనికివచ్చే కంప్యూటరు కూర్చుకొందామంటుంది. తండ్రికి రెండింటి పేర్లు వేరైనా వెల ఒక్కటే – అర లక్షకు పైమాట. తల్లి ఆ సొమ్ముతో మరొక చీటీ కట్టుకోవచ్చునని గుర్తు చేస్తుంది. చివరకు ఎవరి గొంతు పెద్దదైతే వారి మాట నెగ్గుతున్నది గాని, కాగితము, పెన్సిలు తీసి లెక్క వేసినవారు అరుదు.

ఆఫీసులో కొటేషన్లు పరిశీలించి పట్టీలు వ్రాయుట మా నిత్యకృత్యము. అక్కడ ఒక నియమము కలదు. రెండు వస్తువుల వెలలు పోల్చేటప్పుడు కొన్న నాటి బిల్లు ఒక్కటే చూడరాదు. ఆ వస్తువు పనిచేసినంత కాలము తినే ఖర్చు కూడా కలిపి చూడవలెను. మంచి బోరు పంపుకైనా, జిరాక్సు యంత్రానికైనా ఇదే పద్ధతి. ఆటల యంత్రానికి మాత్రము వేరే పద్ధతి ఎందుకు ఉండవలెను? కనుక అదే పట్టీని ఇంటికి తెచ్చి, అయిదేండ్ల గడువు పెట్టి, మేము వేసిన లెక్కను చదువరుల ముందు ఉంచుతున్నాము.

రెండు వస్తువుల తీరు

కన్సోలు అనగా ఆటలకే చేసిన పెట్టె. ఒక్క కంపెనీయే దానిని రూపొందించి, అందరికీ ఒకే రకముగా అమ్ముతుంది. టీవీకి తగిలిస్తే చాలు, ఆట మొదలు. నేటి తరము కన్సోళ్లు 2020 నవంబరులో వెలువడినవి – సోనీవారి ప్లేస్టేషను 5, మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్సు సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్. ప్లేస్టేషను 5 మన దేశానికి 2021 ఫిబ్రవరి 2వ తేదీన వచ్చినది. డిస్కు పెట్టుకొనే రకము 49,990 రూపాయలు, డిస్కు లేని డిజిటల్ రకము 39,990 రూపాయలు. 2022 చివరలో ఇవి 54,990, 44,990 అయినవి. 2024 ఏప్రిలులో సన్నని కొత్త నమూనా వచ్చినపుడు కూడా అవే వెలలు ఉంచినారు.

"కొంత కాలము ఆగితే వెల తగ్గదా?" అని పెద్దలు అడుగుతారు. పూర్వము తగ్గేది. అమెరికాలో 2013లో 399 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషను 4, 2016 నాటికి 299కి దిగినది. కాని 2020లో 499 డాలర్లకు వచ్చిన ప్లేస్టేషను 5 అదే దేశములో 2025 ఆగస్టులో 549.99 డాలర్లకు ఎక్కినది. పాత సామెతలు ఈ సరుకు విషయములో పనిచేయుట మానినవి.

కంపెనీవారు కన్సోలును పెద్ద లాభానికి అమ్మరు. ప్లేస్టేషను 5 డిస్కు రకము ఇక నష్టానికి అమ్ముడుపోవుట లేదని సోనీవారు చెప్పుకొన్నది 2021 ఆగస్టులో – అనగా అంతకు ముందు కొన్ని నెలలు నష్టానికే అమ్మినారన్నమాట. మరి లాభము ఎక్కడ? ఇతరులు చేసిన ఆట తమ దుకాణములో అమ్ముడుపోయినప్పుడెల్లా నూటికి ముప్ఫై వంతున కంపెనీకి ముడుతుంది. ఏటా చందా వేరు. లాంతరు చౌకగా ఇచ్చి కిరసనాయిలు మీద సంపాదించే వర్తకము ఇది. తప్పేమీ కాదు, కాని లాంతరు కొనేవాడు నూనె ధర కూడా అడిగి తెలుసుకొనవలెను.

కంప్యూటరు కథ వేరు. ప్రాసెసరు ఒకరిది, మదర్‌బోర్డు ఒకరిది, గ్రాఫిక్సు కార్డు మరొకరిది. ప్రతివాడు తన భాగముపై తన లాభము తీసుకొంటాడు. తరువాత ఆటలలో వసూలు చేసుకొందామని ముందుగా తగ్గించి ఇచ్చే దాత ఎవడూ లేడు. కనుక మొదటి బిల్లు పెద్దది. కాని ఆటలు అమ్మే దుకాణాలు మాత్రము ఒకటి కాదు. స్టీం అనే ఆన్‌లైను దుకాణము 2003లో మొదలైనది. 2018 డిసెంబరులో వచ్చిన ఎపిక్ దుకాణమువారు తమ వద్దకు జనాన్ని రప్పించుకొనుటకు ఉచితముగా ఆటలు ఇచ్చుట అలవాటు చేసినారు. అంగళ్లు నాలుగుంటే బేరము మనవైపు ఉంటుంది. సంతకు వెళ్లిన వారందరికీ ఇది తెలిసినదే.

బజారు వెలలు

మా బెంగుళూరులో ఈ భాగాలకు సదర్ పత్రప్ప రోడ్డు పేరెన్నికగన్నది, ఎస్.పి. రోడ్డు అంటే అందరికీ తెలుస్తుంది. చెన్నైలోని చదువరులకు రిచ్చీ వీధి, బొంబాయివారికి లామింగ్టన్ రోడ్డు, హైదరాబాదు బంధువులున్నవారికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు ఇటువంటివే. ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాట్లాడే మనవంటి వారికి ఎస్.పి. రోడ్డులో బేరమాడుటకు భాష అడ్డము రాదు. తెలియవలసినది సరుకు పేరు మాత్రమే.

2024 నడిమి నాటి వెలలను వందలకు సరిచేసి ఇక్కడ వ్రాస్తున్నాము. రైజెన్ 5 5600 ప్రాసెసరు 12,000. దానికి తగిన మదర్‌బోర్డు 8,500. పదహారు జీబీల ర్యామ్ 3,500. ఆర్.ఎక్స్. 6600 గ్రాఫిక్సు కార్డు 20,500. ఒక టీబీ ఎస్.ఎస్.డి. 5,500. మంచి రకము ఎస్.ఎం.పి.ఎస్. 4,000. క్యాబినెట్టు 3,000. వెరసి 57,000 రూపాయలు.

చూచినారా! పెట్టె ఒక్కటే కన్సోలు వెలను దాటినది. ఇంకా మానిటరు 8,500, కీబోర్డు, మౌసు కలిపి 1,500. విండోసు లైసెన్సుకు 10,000 వేసుకొనవలెను. లినక్సు ఉచితమే గాని, కొన్ని పేరున్న ఆన్‌లైను ఆటలు దానిపై నడవవు. ఇవన్నీ కలిపితే 77,000.

పైగా న్యాయముగా మరొక మాట చెప్పవలెను. ప్లేస్టేషను 5లోని గ్రాఫిక్సు భాగములో 36 కంప్యూట్ యూనిట్లు ఉండగా, మనము వ్రాసిన కార్డులో ఉన్నవి 28. సాధారణమైన ఫుల్ హెచ్.డి. మానిటరుపై ఈ కార్డు చక్కగా పనిచేస్తుంది. ఇంట పెద్ద 4కె టీవీ ఉంటే మాత్రము కన్సోలు చూపే బొమ్మ మేలు. ఆటకు మాత్రమే అయితే, కొన్న నాడు తక్కువ డబ్బుకు ఎక్కువ బలము ఇచ్చేది కన్సోలే. ఈ నిజము ఒప్పుకొని ముందుకు పోదాము.

అయిదేండ్ల పట్టీ

ఇప్పుడు ఇద్దరు పిల్లలున్న ఇల్లు ఒకటి అనుకొందాము. స్నేహితులతో ఆన్‌లైనులో ఆడుతారు. ఏటికి మూడు ఆటలు, అయిదేండ్లకు పదిహేను ఆటలు కొంటారు.

కన్సోలు వైపు లెక్క ఇది. యంత్రము 54,990. రెండవ కంట్రోలరు 5,990. కొన్న ఆటలను ఇతరులతో ఆన్‌లైనులో ఆడుటకు ప్లేస్టేషను ప్లస్ చందా కట్టవలెను. దాని మొదటి అంతస్తు ఏడాది చందా 2023 సెప్టెంబరులో 2,999 నుండి 3,949కి పెరిగినది. అయిదేండ్లకు 19,745. ఫోర్ట్‌నైట్ వంటి ఉచిత ఆటలకు ఈ చందా అక్కరలేదు. ఇక ఆటలు. సోనీవారి పెద్ద ఆటలు కొన్ని విడుదలైన నాడు 4,999 రూపాయలు పలికినవి. తగ్గింపులు, పాత డిస్కులు కలుపుకొని సగటు 2,500 చొప్పున వేసితే 37,500. మరమ్మతుల నిధి 10,000. మొత్తము 1,28,225.

కంప్యూటరు వైపు చూడండి. పైన చెప్పిన 77,000. రెండు కంట్రోలర్లు 5,000. ఆన్‌లైను ఆటకు చందా లేదు. ఆటలు తగ్గింపుల సమయములో కొనే ఓపిక ఉన్నదని, సగటు 1,500 చొప్పున 22,500. మరమ్మతుల నిధి అదే 10,000. మొత్తము 1,14,500.

తేడా 13,725 రూపాయలు. అరవై నెలలకు పంచితే నెలకు 229. ఇంత వాదమూ ఇంతకేనా అనిపిస్తుంది. అంతేకాదు, ఈ తేడా ఎంత పలుచనిదో చూడండి. కంప్యూటరు కొన్న పిల్లవాడు ఓపిక లేక ప్రతి ఆటనూ వచ్చిన నెలలోనే కొని, సగటు 2,500 చేసినాడనుకొందాము. అదనముగా 15,000 ఖర్చవుతుంది. అప్పుడు కన్సోలే 1,275 రూపాయలు చౌక అవుతుంది. అనగా గెలుపు ఓటములు నిర్ణయించేది యంత్రము కాదు, కొనేవాని తాళిమి.

కరెంటు గూర్చి కూడా అడుగుతారు. ఆట నడిచేటప్పుడు ప్లేస్టేషను 5 సుమారు 200 వాట్లు తీసుకొంటుంది. దానికి టీవీ వాడకము కలుపవలెను. మనము వ్రాసిన కంప్యూటరు మానిటరుతో కలిసి అటుఇటుగా 275 వాట్లు. రోజుకు రెండు గంటల చొప్పున ఆడితే ఏ వైపైనా ఏడాదికి రెండు వందల యూనిట్ల చేరువలోనే ఉంటుంది. ఈ పద్దు తీర్పును మార్చదు.

ఏ ఇంటికి ఏది?

పై పట్టీ ఒక ఊహా గృహానిది. మన ఇండ్లు అన్నీ అట్లు ఉండవు. మూడు ఇండ్లను తీసుకొని చూదాము.

మొదటి ఇంట మంచి టీవీ ఇదివరకే ఉన్నది. చదువులకు లాప్‌టాపు కూడా ఉన్నది. పిల్లలు ఆదివారము మాత్రమే, ఆన్‌లైను లేకుండ, కథ గల ఆటలు ఆడుతారు. పాత డిస్కు కొని, ఆడి, మరల అమ్మివేస్తారు. డిస్కు ఒకటికి చేతి నుండి పోయేది 1,500 అనుకొని, అయిదేండ్లకు పది డిస్కులు వేసితే 15,000. యంత్రము 54,990, మరమ్మతుల నిధి 10,000 కలిపి 79,990తో సరి. అదే ఇంట కంప్యూటరు కూర్చి, ఒక కంట్రోలరు, పది ఆటలు కొంటే 1,04,500 అవుతుంది. ఇక్కడ కన్సోలు 24,510 రూపాయలు మిగిల్చినది. ఈ ఇంటివారు "కంప్యూటరైతే చదువుకు పనికివస్తుంది" అనే మాటకు లొంగరాదు. చదువు యంత్రము వారికి ఇదివరకే ఉన్నది. అయితే ఒక హెచ్చరిక: పదివేలు తక్కువని డిస్కు లేని రకము తెచ్చుకొంటే ఈ లెక్క అంతా తారుమారు. డిస్కు లేనిచోట పాత ఆట కొనుట లేదు, అమ్ముట లేదు. ఉన్నది కంపెనీవారి దుకాణము ఒక్కటే.

రెండవ ఇంట కంప్యూటరు లేదు. వచ్చే ఏడు ఇంజనీరింగులోనో, బి.కాం.లోనో చేరబోయే పిల్లకు ఎట్లాగూ ఒకటి కొనవలసినదే. దానికి 35,000 వేసుకొన్నా, కన్సోలు కూడా కొన్న ఇంటివారి ఖర్చు 1,63,225. ఆటలకు, చదువుకు ఒకే కంప్యూటరు కూర్చుకొన్నవారికి 1,14,500. తేడా 48,725 రూపాయలు. ఒక సెమిస్టరు ఫీజు అందులో చాలావరకు వెళ్లిపోతుంది. అయితే ఆ పిల్ల హాస్టలుకు పోయేదైతే ఈ లెక్క చెల్లదు. డెస్కుటాపును రైలులో మోసుకొని పోలేము గదా.

మూడవ ఇంట నాలుగైదేండ్ల నాటి కూర్పుడు కంప్యూటరు ఒకటి మూల ఉన్నది. చాలామంది గమనించనిది ఈ ఇంటినే. గ్రాఫిక్సు కార్డు 20,500, మంచి ఎస్.ఎం.పి.ఎస్. 4,000 – మొత్తము 24,500తో అది ఆటల యంత్రమవుతుంది. ఎ.ఎం.డి.వారి ఎ.ఎం.4 అనే సాకెట్టు గల బోర్డులు 2017లో కొన్నవి సైతము, బయోస్ సరిచేస్తే చాలావరకు 2022లో వచ్చిన ప్రాసెసర్లను స్వీకరిస్తున్నవి. కన్సోలులో ఈ సదుపాయము లేదు. పాతబడితే మొత్తము పెట్టెనే మార్చవలెను. కాని కంపెనీవారు కట్టి ఇచ్చిన ఆఫీసు రకము కంప్యూటర్లలో క్యాబినెట్టు ఇరుకుగాను, ఎస్.ఎం.పి.ఎస్. వేరే ఆకారములోను ఉండవచ్చును. కొలిచి చూచిన తరువాతనే కార్డు కొనవలెను.

విడతల దారి

ఒకేసారి అంత సొమ్ము లేనివారికి కంప్యూటరు వైపు మరొక దారి కలదు. రైజెన్ 5 5600కు బదులు, ఇంచుమించు అదే వెలకు దొరికే 5600జి తీసుకొంటే, గ్రాఫిక్సు దానిలోనే ఇమిడి ఉంటుంది. కార్డు ఖర్చు 20,500 తప్పి, పెట్టె 36,500తో ముగుస్తుంది. వాలొరాంట్ వంటి తేలిక ఆటలు దానిపై హాయిగా నడుస్తవి. పెద్ద ఆటలు కావలెనన్న నాడు, దీపావళి బోనసు వచ్చిన నాడు, కార్డు తెచ్చి బిగించవచ్చును. నిచ్చెన మెట్టు మెట్టుగా ఎక్కుట మన మధ్యతరగతి వారికి కొత్త గాదు. కన్సోలును సగము ఈ ఏడు, సగము వచ్చే ఏడు కొనుట మాత్రము సాధ్యము గాదు. ఉన్నది వాయిదాల పద్ధతి ఒక్కటే.

ఆ వాయిదాల గూర్చి ఒక మాట. "వడ్డీ లేని వాయిదా" అని బోర్డు పెట్టినచోట కూడా బ్యాంకువారు ప్రాసెసింగు రుసుము తీసుకొనవచ్చును. వడ్డీ భాగముపై 18 శాతము జి.ఎస్.టి. కూడా పడుతుంది. రొక్కమిస్తే వచ్చే తగ్గింపు పోతుంది. ఈ మూడూ కలిపి కాగితముపై వ్రాసి చూచిన తరువాతనే సంతకము చేయవలెను.

వెలలకు ఋతువులు

పంటకు వలెనే ఈ భాగాలకు కూడా మంచి కాలము, చెడ్డ కాలము ఉన్నవి. 2020 చివర నుండి 2022 వరకు గ్రాఫిక్సు కార్డులు దొరకుటే కష్టమైనది. కోవిడు కాలపు కొరత ఒక కారణము. ఈథీరియం అనే క్రిప్టో నాణెమును తవ్వేవారు కార్డులను గంపగుత్తగా కొనుట మరొక కారణము. 2022 సెప్టెంబరులో ఈథీరియం ఆ పద్ధతి మానుకొన్నది. తరువాత పాత కార్డులు బజారులో కుప్పలుగా పడినవి.

మళ్లీ 2025 చివరి నెలలలో ర్యామ్ వంతు వచ్చినది. కృత్రిమ మేధకై కట్టే పెద్ద డేటా కేంద్రాలు మెమరీ చిప్పులను మింగివేయుటతో, కొన్ని రకాల ర్యామ్ వెల రెండింతలు దాటినది. క్రూషియల్ పేరుతో ఇండ్లవారికి మెమరీ అమ్మే మైక్రాన్ కంపెనీ, ఆ వర్తకమును విరమిస్తున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించినది. కనుక పైన మేము వ్రాసిన 3,500 రూపాయల ర్యామ్, 5,500 రూపాయల ఎస్.ఎస్.డి. 2024 నాటి మాటలుగానే చదువరులు గ్రహించవలెను. కొనబోయే నాడు దుకాణములో అడిగి, ఆ గడులలో ఆ నాటి అంకెలు నింపుకొని, మరల కూడవలెను. కన్సోలు వెల కూడా అట్లే అడుగవలెను. పట్టీ మాది, అంకెలు మీవి.

బజారులో జాగ్రత్తలు

ఎస్.ఎం.పి.ఎస్.లో మాత్రము పిసినారితనము పనికిరాదు. మాకు తెలిసిన ఒక ఇంట క్యాబినెట్టుతో ఉచితముగా వచ్చినదానినే వాడుకొన్నారు. వేసవిలో ఒక సాయంకాలము కరెంటు పోయి వచ్చినపుడు అది కాలిపోతూ, బోర్డును కూడా వెంట తీసుకొనిపోయినది. రెండు వేలు మిగిల్చి పదివేలు పోగొట్టుకొన్నట్లయినది. ఏనుగును కొని అంకుశము దగ్గర పేచీ పెట్టరాదు.

ప్రతి భాగానికి జి.ఎస్.టి. బిల్లు, అందులో సీరియల్ నంబరు ఉండవలెను. "బిల్లు లేకుంటే తగ్గిస్తాను" అనే వర్తకుడు మన వారంటీని కూడా తగ్గిస్తున్నాడు. గ్రాఫిక్సు కార్డుకు సాధారణముగా మూడేండ్ల వారంటీ ఉంటుంది. ఒక భాగము చెడితే ఆ ఒక్కటే పట్టుకొని పోవచ్చును. కన్సోలుకు వారంటీ ఒక ఏడాది. పాత కార్డు కొనేవారు దుకాణములోనే బిగింపించి, అరగంట ఆట నడిపి చూచిన తరువాతనే సొమ్ము ఇవ్వవలెను. లైసెన్సు లేని విండోసు ఎక్కించి ఇస్తామన్నవారికి వద్దని చెప్పవలెను.

ఇంటిలో కూర్చుని

ఇంత చెప్పిన తరువాత "మరి ఏది చౌక?" అని అడిగేవారికి మా జవాబు ఇదే: వెల దుకాణములో వ్రాసి ఉన్నది, ఖర్చు మీ ఇంటిలో వ్రాసి ఉన్నది. టీవీ ఉన్నదా, చదువుకు యంత్రము కావలెనా, పాత కంప్యూటరు మూల ఉన్నదా, ఏటికి ఎన్ని ఆటలు కొంటారు – ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే తీర్పు తానే వస్తుంది.

ఆ జవాబులు తెలిసినది పిల్లలకే. కనుక ఈ లెక్కను తండ్రి ఒక్కడే వేసి తీర్పు చెప్పుట కంటె, పెన్సిలు పిల్లవాని చేతికే ఇచ్చుట మేలని మా అభిప్రాయము. పదిహేను ఆటల గడి నింపేటప్పుడు వాడే "పదిహేను ఎందుకు, ఎనిమిది చాలు" అనవచ్చును. చందా గడి వద్ద "ఇది అక్కరలేదు" అనవచ్చును. వాడు స్వయముగా కొట్టివేసిన పద్దు మీద రేపు అలుక ఉండదు. ఇల్లు ఎంత సంపాదిస్తున్నదో, ఎంత మిగులుతున్నదో, చెల్లెలి ఫీజుకు ఎంత పక్కన పెట్టవలెనో పదహారేండ్ల పిల్లవానికి తెలుపుటకు ఇంతకంటె మంచి సందర్భము దొరకదు. అయిదేండ్లకు యంత్రము పాతబడుతుంది. లెక్క వేసే అలవాటు పాతబడదు.